మూడు రాణుల్ని పడేసిన మధ్యాహ్నం

నేను పేకాట బాగా ఆడతాను. మా తెనాలి వైపు ఆడవాళ్ళు ఈ మాట నలుగురిలో అనడానికి జంకుతారు. వేసవి సెలవుల్లో చింతపిక్కలు పెట్టి రోజంతా రమ్మీ ఆడినవాళ్ళు కూడా, ఎవరైనా అడిగితే "ఏదో కాలక్షేపానికి" అంటారు. నాకు ఆ జంకు నార్త్ కరోలినాలో పోయింది, ఒక పెద్దావిడ ఇంట్లో, కంప్యూటర్ ముందు.

అప్పుడు మేం మోరిస్‌విల్‌లో ఒక అపార్ట్‌మెంట్ పై అంతస్తులో ఉండేవాళ్ళం. రెండువేల ఐదు. మా ఆయనకి రీసర్చ్ ట్రయాంగిల్ పార్క్‌లో టెస్టింగ్ ఉద్యోగం. నాది డిపెండెంట్ వీసా, అంటే అమెరికాలో ఉండొచ్చు గానీ ఉద్యోగం చేయకూడదు. పెళ్ళికి ముందు నాలుగేళ్ళు డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పాను. బోర్డు మీద లెక్క వేస్తూ, వెనక్కి తిరక్కుండానే మూడో బెంచీలో ఎవరు మాట్లాడుతున్నారో చెప్పగలిగేదాన్ని. అలాంటిదాన్ని పొద్దున తొమ్మిదికి కారు వెళ్ళిపోయాక సాయంత్రం ఆరుదాకా పార్కింగ్ లాట్ చూస్తూ కూర్చునే మనిషినయ్యాను. ఆ దిగులు గురించి చాలామంది చెప్పుకున్నారు కాబట్టి నేను వదిలేస్తాను.

మా కింది ఫ్లాట్‌లో ఒకావిడ ఒంటరిగా ఉండేది. డెబ్భై దాటిన మనిషి. ముప్ఫై ఏళ్ళు స్కూల్ బస్సు నడిపి రిటైరైంది. భర్త ఫైర్ స్టేషన్‌లో పనిచేసి, నేను ఆవిడని కలవడానికి రెండేళ్ళ ముందు పోయాడు. ఒక మంగళవారం లాండ్రీ రూమ్‌లో డ్రయ్యర్ దగ్గర నిలబడి ఉంటే, వచ్చి నా పక్కన బుట్ట పెట్టి అడిగింది.

"హనీ, మీ వాళ్ళందరూ కంప్యూటర్ మనుషులే కదా. నాది బిగుసుకుపోయింది. వచ్చి చూస్తావా?"

"నేను కంప్యూటర్ కాదండీ, స్టాటిస్టిక్స్" అన్నాను.

"పక్కపక్క వీధులే అయ్యుంటాయి. రా."

కంప్యూటర్ ఏమీ బిగుసుకుపోలేదు. 'మీరు ఇంకా ఉన్నారా' అని అడిగే చిన్న కిటికీ ఒకటి ఇంకో కిటికీ వెనక దాక్కుంది. దాన్ని ముందుకు తెచ్చి నొక్కాను. తెర మీద ఆకుపచ్చ బల్ల, చుట్టూ ఆరు కుర్చీలు, ఆవిడ కుర్చీ ముందు ఐదు ముక్కలు తెరుచుకున్నాయి. కొడుకు కిందటి క్రిస్మస్‌కి కంప్యూటర్ కొనిచ్చి, అందులో ఈ ఆట పెట్టించి వెళ్ళాడట. భర్త ఉన్నప్పుడు నలభై ఏళ్ళు ఇదే ఆట వంటింటి బల్ల మీద ఆడేవాళ్ళట.

ఆట ఇంత: ఒక్కొక్కరికి ఐదేసి ముక్కలు. చూసుకున్నాక ఒక విడత పందెం. తర్వాత ఎవరికి అక్కర్లేని ముక్కలు వాళ్ళు పారేసి, అన్నే కొత్తవి తీసుకోవచ్చు. మళ్ళీ ఒక విడత పందెం. చివరిదాకా నిలబడినవాళ్ళలో ఎవరి ముక్కలు పెద్దవైతే వాళ్ళది గెలుపు. జత కంటే రెండు జతలు పెద్ద, వాటికంటే ఒకే రకం మూడు పెద్ద, ఆపైన వరస, ఆపైన ఐదూ ఒకే గుర్తు, అలా. రమ్మీ ఆడినవాళ్ళకి పది నిమిషాల్లో వచ్చేస్తుంది. నాకూ వచ్చింది. మన రమ్మీలాగే ఇందులోనూ ముక్కలు బాగోకపోతే డ్రాప్ అయిపోవచ్చు. ఆ డ్రాప్ అన్న మాట దగ్గరే ఈ ఆట అంతా ఉందని అర్థం కావడానికి మాత్రం రెండు నెలలు పట్టింది.

ఆవిడ ఆడుతుంటే పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అన్నీ చిల్లర టేబుళ్ళే, ఐదు సెంట్లతో మొదలయ్యే పందేలు. అయినా ఆవిడ ఓడిపోతూనే ఉంది.

"ఇక్కడ మొహాలు లేవు" అంది. "నా మొగుడికి మంచి ముక్కలొస్తే కుడి చెవి ఎర్రబడేది. వాళ్ళ స్టేషన్‌లో ఒకాయన అబద్ధం ఆడేటప్పుడు బీరు పక్కకి జరిపేవాడు. వీళ్ళ గురించి ఏం తెలుస్తుంది చెప్పు. పేర్లు కూడా నిజమైనవి కావు."

నేను అప్పటికే ఒక అరగంట నుంచి తెర చూస్తున్నాను. "మొహాలు ఉన్నాయండీ" అన్నాను. "ఎవరెన్ని ముక్కలు మార్చుకుంటున్నారో కింద రాస్తోంది కదా. అదే మొహం."

ఆవిడ కళ్ళజోడు పైకి జరిపి నన్ను చూసింది. "ఇంకోసారి చెప్పు."

మూడు ముక్కలు మార్చుకున్నవాడి దగ్గర ఒక జత ఉంటుంది. రెండు మార్చుకుంటే ఒకే రకం మూడు ఉన్నాయన్నమాట, లేదా జతతో పాటు ఒక ఆసు దాచుకున్నాడు. ఒకటి మార్చుకుంటే రెండు జతలు కావచ్చు, లేదా వరసకో ఒకే గుర్తుకో ఒక ముక్క తక్కువైనవాడు. నాలుగు మార్చుకున్నాడంటే ఒక్క ఆసు పట్టుకుని ఆశగా కూర్చున్న మనిషి. ఒక్కటీ మార్చుకోకపోతే ముక్కలు కుదిరినట్టు, లేకపోతే కుదిరినట్టు నటిస్తున్నట్టు. మార్చుకున్న తర్వాత ఎంత పందెం కాశాడు, చివర్లో ఏ ముక్కలు చూపించాడు, ఇవి రెండూ కలిపి ఒక మనిషి గురించి నలభై యాభై ఆటలు రాసుకుంటే, చెవి ఎర్రబడటం కంటే నమ్మకమైన సమాచారం దొరుకుతుంది. ఇదంతా చెబుతుంటే నా గొంతు మారిపోయింది. క్లాసులో మాట్లాడే గొంతు. చాలా నెలలుగా నేనది వినలేదు.

మర్నాడు స్కూలు పిల్లలు వాడే గీతల నోట్‌బుక్ ఒకటి పట్టుకుని కిందికి దిగాను.

అలా మొదలైంది. వారానికి నాలుగు రోజులు, ఒంటిగంట నుంచి మూడు దాకా. మూడవగానే లేచిపోవాలి, గెలుస్తున్నా సరే ఓడుతున్నా సరే. ఆ నియమం నాది. మిగతావి ఒకటొకటిగా పోట్లాడుకుని పెట్టుకున్నాం.

మొదటి పోట్లాట ఆసు గురించి. చిన్న జత వచ్చినప్పుడు దాంతో పాటు ఒక ఆసుని కూడా దాచుకుని, రెండే ముక్కలు మార్చుకోవడం ఆవిడ అలవాటు. మూడు మార్చుకుంటే జత పెద్దదయ్యే అవకాశం పదింట మూడుసార్లకి కాస్త తక్కువ. రెండే మార్చుకుంటే అది ఇంకా తగ్గుతుంది. కాగితం మీద వేసి చూపించాను.

"నలభై ఏళ్ళుగా ఆసు దాచుకుంటున్నాను" అంది.

"ఎందుకు?"

"రెండు మార్చుకుంటే నా దగ్గర ఒకే రకం మూడు ఉన్నాయనుకుని భయపడతారు."

"మీ వంటింట్లో భయపడేవాళ్ళు. ఇక్కడ ఐదు సెంట్లకి ఎవరు భయపడతారు? మీరెన్ని మార్చుకున్నారో వీళ్ళసలు చూడటమే లేదు."

దానికి ఆవిడ ఒక వారం ఆలోచించింది. చిల్లర టేబుల్ గురించి నేను తెలుసుకున్న పెద్ద విషయం అదే. అక్కడ నాటకాలు పనిచెయ్యవు. పోయేది ఐదో పదో సెంట్లయితే ఎదుటివాడు కుతూహలం కొద్దీ డబ్బు కట్టి మన ముక్కలు చూస్తాడు. కాబట్టి ఏమీ లేకుండా ఉన్నట్టు నటించడం పూర్తిగా మానేశాం. మంచి ముక్కలుంటే నిస్సంకోచంగా పందెం పెంచాలి, ఎందుకంటే చూసేవాళ్ళు చూస్తూనే ఉంటారు. లేకపోతే డ్రాప్.

రెండో పోట్లాట ఎక్కడ కూర్చుని మాట్లాడుతున్నామన్న దాని మీద. మాట్లాడటమంటే మన వంతు వచ్చినప్పుడు ఉంటామో, పెంచుతామో, డ్రాపో చెప్పడం. ముందుగా మాట్లాడాల్సిన కుర్చీలో ఉన్నప్పుడు మన తర్వాత ఇంకా ఐదుగురు ఉంటారు. వాళ్ళలో ఒకరి దగ్గరైనా మంచి ముక్కలుంటాయి. అక్కడ రాజుల జతకి తక్కువైతే ముట్టుకోకూడదు. దాదాపు అందరూ డ్రాప్ అయి చివర మనదాకా వస్తే తొమ్మిదుల జత కూడా చాలు. ఈ సంగతి ఆవిడకి లెక్కల్లో చెబితే ఎక్కలేదు. బస్సు భాషలో తనే చెప్పుకుంది: "నాలుగు రోడ్ల కూడలిలో ముందొచ్చినవాడు జాగ్రత్తగా దూరాలి. చివరొచ్చినవాడికి రోడ్డంతా కనిపిస్తూ ఉంటుంది."

ఇంక ఒక్క ముక్క కోసం ఎదురుచూడటం. నాలుగు ఇస్పేట్లు వచ్చాయి, ఐదోది పడితే బ్రహ్మాండం. పడేది ఐదింట ఒకసారి. కాబట్టి మనం కట్టాల్సిన దానికి కనీసం నాలుగింతలు బల్ల మధ్యలో పోగైతేనే ఉండాలి, లేకపోతే లేచిపోవాలి. వరస మధ్యలో ఒక ముక్క లోటైతే అది పడేది పన్నెండింట ఒకసారి. దానికోసం ఎప్పుడూ ఉండకూడదు. ఆవిడ దీన్ని కార్డు మీద రాసి కంప్యూటర్‌కి అంటించుకుంది.

నెలన్నర తర్వాత నాకూ సొంతంగా ఆడాలనిపించింది. పాతిక డాలర్లు క్రెడిట్ కార్డు మీద వేశాను. నెల తిరిగేసరికి స్టేట్‌మెంట్ వచ్చింది. మా ఆయన శనివారం పొద్దున్న కాఫీ తాగుతూ దాన్ని చూశాడు.

"ఈ పాతిక డాలర్లేంటి? పేరు విచిత్రంగా ఉంది."

"పేకాట" అన్నాను.

కప్పు కింద పెట్టాడు. "పేకాటా?"

"కిందింటావిడతో కలిసి ఆడుతున్నాను. ఐదు సెంట్ల టేబుల్."

"మనం వీసా మీద ఉన్నాం. ఎందుకొచ్చిన గొడవ. పోనీ ఆఫీస్‌లో ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగనా?"

"అడగండి. మా ఆవిడ ఐదు సెంట్లకి పేకాడుతోంది, స్టేటస్‌కి ఏమైనా ప్రాబ్లమా అని అడగండి."

ఆ ప్రశ్న తను అడుగుతున్నట్టు ఊహించుకున్నాడేమో, నవ్వొచ్చేసింది. నోట్‌బుక్ తెచ్చి ముందు పెట్టాను. ముప్ఫై ఇద్దరు ఆటగాళ్ళు, ఒక్కొక్కరికి ఒక పేజీ. టెస్టింగ్ చేసే మనిషి కాబట్టి గళ్ళు గీసి రాసినదంటే గౌరవం. పేజీలు తిప్పుతూ, "ఈ ఫ్లోరిడా అతనేంటి, ప్రతిసారీ నాలుగు మార్చుకుంటాడా?" అన్నాడు.

"అతను ఉన్న టేబుల్ దొరికితే నేను ఇంకో టేబుల్ చూడను. అతని తర్వాత మాట్లాడే కుర్చీ ఖాళీ అయ్యేదాకా ఆగుతాను."

"నేనొకసారి ఆడతా, ఇలా ఇవ్వు."

ఇచ్చాను. మొదటి కుర్చీలో నాలుగుల జతతో దిగాడు. ఓడాడు. తర్వాత వరస మధ్యలో ముక్క కోసం ఉండిపోయాడు. పడలేదు. "ఇంకొక్కటి చూస్తా" అంటూ గంటన్నర కూర్చున్నాడు. నా పాతిక డాలర్లు పదకొండయ్యాయి. నేను పక్కన చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాను. చివరికి కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

"నువ్వు ఆడుతున్నట్టు ఆడితే బోరు కదా. పదింట ఎనిమిదిసార్లు డ్రాపే."

"బోరు కొట్టకపోతే సరిగ్గా ఆడుతున్నట్టు కాదు" అన్నాను. ఆ తర్వాత తను ఎప్పుడూ పేకాట మాట ఎత్తలేదు. స్టేట్‌మెంట్‌లో ఆ పేరు మళ్ళీ కనపడే అవసరం కూడా రాలేదు. ఆ పదకొండుతోనే నేను తిరిగి పైకొచ్చాను.

ఒక తప్పు కూడా చెప్పాలి. కొత్త సంవత్సరం మొదట్లో, ఇద్దరికీ బాగా సాగుతున్నప్పుడు, నేనొక ఆలోచన చెప్పాను. ఆవిడ తన కంప్యూటర్‌లో, నేను మా ల్యాప్‌టాప్ తెచ్చుకుని, ఒకే టేబుల్‌లో రెండు కుర్చీల్లో కూర్చుంటే ఎలా ఉంటుంది అని. ఒకరి ముక్కలు ఒకరికి తెలిస్తే అవకాశాలు ఎంత మారతాయో లెక్క కూడా వేసుకొచ్చాను. నాకది అప్పుడు లెక్కలాగే కనిపించింది.

ఆవిడ ఆ కాగితం మొత్తం చదివింది. మడిచి నా చేతికిచ్చింది.

"నా మొగుడు ఉంటే నిన్ను బల్ల దగ్గర్నుంచి లేపేసేవాడు" అంది, కోపం లేకుండా. "తెలివైనదానివి కాబట్టి ఒక్కసారి చెబుతున్నా. మళ్ళీ చెప్పను."

మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పై ఫ్లాట్‌కి వచ్చి కాగితం చించేశాను. రెండు రోజులు కిందికి వెళ్ళలేదు. మూడోరోజు ఒంటిగంటకి ఆవిడే చీపురు కర్రతో తన సీలింగ్‌ని పొడిచింది. వెళ్ళాను. ఆ విషయం మా మధ్య మళ్ళీ రాలేదు.

మార్చిలో అనుకుంటాను, ఆవిడ అడిగింది. "మా ఆయన స్టేషన్ వాళ్ళు వచ్చే శనివారం మధ్యాహ్నం కలుస్తున్నారు. ఏడాదికోసారి ఆయన పేరు మీద ఆడుకుంటారు. నాతో రా. నిజమైన బల్ల, నిజమైన మొహాలు."

జంతికలు చేసి డబ్బాలో పోసుకుని వెళ్ళాను. ఊరి చివర ఒకాయన గరాజ్‌లో గుండ్రటి బల్ల వేశారు. నలుగురు రిటైరైన ఫైర్‌మన్‌లు, మేమిద్దరం. కొందరు నన్ను చూసి మొదట కాస్త బిగుసుకున్నారు. జంతికల డబ్బా ఒక చుట్టు తిరిగాక సర్దుకున్నారు. ఒకాయన మాత్రం మొదటినుంచీ మామూలుగానే ఉన్నాడు. పొడుగ్గా, సన్నగా ఉన్న మనిషి, చెవికి వినికిడి మిషన్. "ఈయనే బీరు పక్కకి జరిపేది" అని కిందింటావిడ నా చెవిలో చెప్పింది. ఆయన ముందు ఆ రోజు బీరు లేదు, డాక్టరు మానిపించాడట.

ఇక్కడ పందేనికి హద్దు లేదు, ముందున్నదంతా పెట్టుకోవచ్చు. ఒక్కొక్కరం ఇరవై డాలర్లు మార్చుకుని ప్లాస్టిక్ బిళ్ళలు తీసుకున్నాం. ముక్కలు చేతిలో పట్టుకుని చాలా రోజులైంది. మొదటి గంట డ్రాప్ అవుతూ, ఎవరెన్ని మార్చుకుంటున్నారో మనసులో రాసుకుంటూ కూర్చున్నాను. చెవి మిషన్ ఆయన ఆ గంటలో నాలుగుసార్లు ఒక్క ముక్క మార్చుకుని పెద్ద పందెం కాశాడు. నాలుగుసార్లూ చివర్లో ముక్కలు చూపించాడు. నాలుగుసార్లూ నిజంగానే ఉన్నాయి.

తర్వాత నాకు మూడు రాణులొచ్చాయి. పందెం పెంచాను. అందరూ డ్రాప్ అయ్యారు, ఆయన తప్ప. ఆయన ఒక్క ముక్క మార్చుకున్నాడు. నేను రెండు మార్చుకున్నాను, పనికొచ్చేది ఏమీ రాలేదు. ఆయన తన ముందున్న బిళ్ళలన్నీ మధ్యలోకి తోశాడు.

ఆలోచించాను. రెండు జతలున్న మనిషి రెండు ముక్కలు మార్చుకున్న నా మీదకి అంత తొయ్యడు. కాబట్టి ఆయనకి వరసో, ఒకే గుర్తో పడి ఉండాలి, లేదా ఏమీ లేకుండా ఉండాలి. నాలుగుసార్లు చూశాను కదా, నాలుగుసార్లూ ఉన్నాయి. నా రాణుల్ని అందరికీ కనపడేలా బల్ల మీద పరిచి, "డ్రాప్" అన్నాను.

ఆయన నెమ్మదిగా తన ముక్కలు తిప్పాడు. నాలుగు ఆఠీన్లు, ఒక కళావరు ఏడు. ఏమీ లేదు. గరాజ్ అంతా నవ్వులు. కిందింటావిడ నుదురు పట్టుకుంది.

"మూడు రాణుల్ని పడేసినవాళ్ళని నేనింతవరకూ చూడలేదమ్మా" అన్నాడాయన. ఎగతాళి లేదు, నిజంగానే ఆశ్చర్యపోతున్నాడు.

నాకు సిగ్గేసింది, కానీ ఓడినందుకు కాదు. స్టాటిస్టిక్స్ చెప్పిన మనిషిని, నాలుగుసార్లు చూసినదాన్ని నలభైసార్లు చూసినట్టు నమ్మాను. కింద ఫ్లాట్‌లో ఒక ఆటగాడి మీద ఏదైనా తేల్చి చెప్పడానికి పేజీ నిండేదాకా ఆగేదాన్ని. ఇక్కడ పావు పేజీ కూడా నిండలేదు. పైగా ఐదు సెంట్ల టేబుల్‌లో ఎవరూ నటించరని నేర్చుకున్నది ఈ బల్లకి వర్తించదు. వీళ్ళకి ఒకరి మొహం ఒకరికి తెలుసు. ఇక్కడ నటించడమే ఆట.

ఆ మాట అనుకోగానే ఇంకొకటి తట్టింది. మూడు రాణుల్ని పడేసిన మనిషి నేను. అందరూ చూశారు. ఇంక ఈ రోజు నేను పందెం కాస్తే నా దగ్గర కొండంత ఉన్నట్టే వీళ్ళు అనుకుంటారు.

తొందరపడలేదు. ముప్పావుగంట ఆగాను. నాకు చివరగా మాట్లాడే కుర్చీ వచ్చినప్పుడు, ముక్కలు చూసుకుంటే ఒక రాజు, మిగతావి చెత్త. చెవి మిషన్ ఆయన పందెం పెట్టాడు. ఇంకొకాయన కూడా వచ్చాడు. నేను పెంచాను. రెండో ఆయన డ్రాప్ అయిపోయాడు. చెవి మిషన్ ఆయన ఉండి, ఒక్క ముక్క మార్చుకున్నాడు.

"మీకెన్నమ్మా?" అని పంచేవాడు అడిగాడు.

"ఏమీ వద్దండీ" అన్నాను.

చెవి మిషన్ ఆయన నన్ను చూశాడు. నేను ఒక జంతిక విరిచి నోట్లో వేసుకున్నాను. ఆయన పందెం కాయకుండా నా వైపు చెయ్యి చూపించాడు. నా ముందు మిగిలిన బిళ్ళలన్నీ లోపలికి తోశాను. చాలాసేపు చూశాడు. చెవిలో మిషన్ సర్దుకున్నాడు. ముక్కల్ని మళ్ళీ చూసుకున్నాడు. చివరికి తల అడ్డంగా ఊపి, "డ్రాప్" అంటూ ఎనిమిదులు, ఐదులు, రెండు జతలు తెరిచి బల్ల మీద పెట్టాడు. "నువ్వు రాణుల్ని పడేసినప్పుడే అనుకున్నాను, నీతో జాగ్రత్తగా ఉండాలని" అన్నాడు.

నా ముక్కలు కట్టలో కలిపేశాను.

"చూపించవా?" అన్నాడు.

"చూడాలంటే మీరు పందెం కట్టాల్సిందండీ."

ఈసారి గట్టిగా నవ్వింది ఆయనే. తిరిగొచ్చేటప్పుడు కారు నడుపుతూ కిందింటావిడ రెండు సిగ్నళ్ళు ఓపిక పట్టింది. మూడోదాని దగ్గర అడిగింది. "నాకు చెప్పు. ఏమున్నాయి?"

"ఒక రాజు."

"రాజుల జత?"

"ఒక్క రాజు."

సిగ్నల్ ఆకుపచ్చైనా కారు కదల్లేదు. వెనకవాడు హారన్ కొట్టాడు. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి స్టీరింగ్ మీద తల ఆనించి నవ్వుతూ ఉండిపోయింది.

ఆ శరదృతువులో కొత్త చట్టమేదో వచ్చింది. మేం ఆడే సైట్ అమెరికాలో ఉన్నవాళ్ళ అకౌంట్లు మూసేస్తున్నామని మెయిల్ పంపింది. ఉన్నది చెక్కు రూపంలో వచ్చింది, ఆలస్యంగానైనా సరిగ్గానే వచ్చింది. దాంతో నేను కమ్యూనిటీ కాలేజీలో ఒక సాయంత్రపు కోర్సుకి పుస్తకాలు కొనుక్కున్నాను. కిందింటావిడ కంప్యూటర్‌ని ఒక మూలకి జరిపి, దాని బల్ల మీద పూలకుండీలు పెట్టుకుంది. పై ఏడాది టెనెసీలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. వెళ్ళేరోజు సామాన్లు ట్రక్కులోకి ఎక్కిస్తుంటే నేను సాయం చేశాను. "ఆసు దాచుకోవడం మానలేను, చెబుతున్నా" అంది, అంతే. ఆ తర్వాత కొన్నేళ్ళు ఫోన్లు చేసుకున్నాం.

ఆ ఫ్లాట్‌లోకి వరంగల్ నుంచి ఒకమ్మాయి వచ్చింది. అక్కడ డెంటిస్టు. ఇక్కడ నాలాగే డిపెండెంట్. మొదటి నెల రోజూ బాల్కనీలో నిలబడి పార్కింగ్ లాట్ చూసేది. ఆ చూపు నాకు తెలుసు. ఒక బుధవారం మధ్యాహ్నం పేకముక్కల కట్ట, డబ్బాడు వేరుశనగ పలుకులు పట్టుకుని తలుపు కొట్టాను.

"నాకు పేకాట రాదక్కా" అంది.

"వస్తుంది. కూర్చో."

నేర్పడానికి ఒక పూట పట్టింది. మర్నాడు ఇంకో ఇద్దరిని పిలిచాం. నేను యథాప్రకారం లెక్కలన్నీ చెప్పాను. ముందు కుర్చీలో రాజుల జత, ఒక్క ముక్క కోసం ఉండాలంటే మధ్యలో ఎంత ఉండాలి, ఎవరెన్ని మార్చుకున్నారో గుర్తుపెట్టుకోవడం. ఆ అమ్మాయి అన్నీ బుద్ధిగా విని తల ఊపింది. నాలుగో ఆటలో ఏమీ మార్చుకోకుండా, మొహంలో ఏ మార్పూ లేకుండా, ముందున్న వేరుశనగలన్నీ మధ్యలోకి తోసింది. నా దగ్గర ఆసుల జత ఉంది. నేను లెక్క వేయడం మొదలుపెట్టాను.

"అక్కా, నువ్వు గిట్ల ఆలోచిస్తూ కూసుంటె సాయంత్రమైతది" అంది. "ఉంటవా, పోతవా?"

ఆ అమ్మాయి గురించి నా దగ్గర అప్పటికి మూడు ఆటల సమాచారమే ఉంది. మూడుతో ఏమీ తేల్చకూడదని నాకు బాగా తెలుసు. వేరుశనగలు లెక్కపెట్టి, "ఉంటాను" అని లోపలికి జరిపాను.